గాటు పడని రూపాయి

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, ఇంకా చీరైనా మార్చుకోకముందే, మా మేనల్లుడు ఓ పొడుగాటి కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. కర్ర చివర గుండ్రటి పళ్ళెం, పైన చిన్న పెట్టె, దానికి చుట్టుకున్న తీగ. వీడు మా చిన్నాయన మనవడు, అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు, సెలవు దొరికితే ఖమ్మం వచ్చి నా ఫ్రిజ్ ఖాళీ చేసిపోవడం వాడికి అలవాటు. ఇల్లు తుడిచే మిషనేదో తెచ్చాడు, అత్త మీద ఇన్నాళ్ళకు జాలి కలిగిందనుకున్నాను. "జర చెయ్యి చాపు అత్తా" అంటూ ఆ పళ్ళేన్ని నా గాజుల దగ్గరకు తెచ్చి మీట నొక్కాడు. అది కుయ్యిమంది. నేను చేతిలోని బైబిలు కింద పడేసి వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాను. 

వాడు పగలబడి నవ్వాడు. "ఏంది అత్తా, పామును చూసినట్టు చేస్తున్నవ్" అన్నాడు. పామైతే చీపురుకట్ట తీసుకునేదాన్నిరా సన్నాసీ అన్నాను. అడవి అంచున, భద్రాచలానికి ఇవతలా అవతలా, ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు ఆ కూత సంగతి నేను చెప్పనక్కరలేదు. రోడ్డు మీద ముందు ఆ యంత్రం పట్టుకున్న మనిషి నడిచేవాడు, అతని వెనక తుపాకులతో పోలీసులు, వాళ్ళ వెనక ఎంతో దూరంలో మన బస్సు ఆగి ఉండేది. యంత్రం కూసిందంటే నేల కింద ఇనుము ఉన్నట్టు. ఆ ఇనుము విరిగిన గడ్డపారో, ఎడ్లబండి చీలో, మందుపాతరో తవ్వితేగాని తెలియదు, తవ్వినవాడికి తెలిశాక మనకు చెప్పడానికి వాడు మిగిలి ఉంటాడన్న నమ్మకం లేదు. బస్సులో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేసేవాళ్ళు.

ఇప్పుడు అది ఆటవస్తువట. ఎక్కడో సముద్రపు ఒడ్డుల్లో టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు ఇసుకంతా ఇలా జల్లెడ పట్టి పాత నాణేలు ఏరుకోవడం వీడు ఫోన్‌లో చూశాడట. మనకు సముద్రం ఎక్కడిదిరా అంటే, గోదారి ఉంది గదా అన్నాడు. రెండు నెలలుగా సెలవు రోజుల్లో బండేసుకుని మా పాత ఊరి రేవుకు పోయి ఆ ఇసుకలో తిరుగుతున్నాడట. ఆ ఊరి పేరు వినగానే నాకు రెండోసారి ఒళ్ళు జలదరించింది, ఆ ఇసుకలో ఈ కూత ఇంతకుముందు ఒకసారి విన్నదాన్ని కాబట్టి.

వాడు జేబులోంచి చేతిరుమాలు మూట తీసి, నిన్నటి పేపరు పరిచి నాణేలు పోశాడు. నల్లబడ్డ వెండి రూపాయలు. వరద కోసుకుపోయిన ఒడ్డు కింద, అన్నీ ఒకేచోట దొరికాయట. ఫోన్‌లో ఇలాంటి పిచ్చివాళ్ళందరికీ ఒక గుంపు ఉంది, అందులో ఫొటోలు పెడితే తలో మాటా చెప్పారు. నేలకొండపల్లిలో వీడి స్నేహితుడు ఒకడు, తమ ఊరి బౌద్ధ స్తూపం కాలం నాటివే అయి ఉంటాయని బల్లగుద్ది చెప్పాడట. ఒక దాని మీద గడ్డం రాజు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు, ఇంకో దాని మీద చార్మినారు, ఇది బుద్ధుడి కాలం ఎట్లా అవుతుందిరా అంటే తల గోక్కున్నాడు. అయితే ఆ గుంపులో ఎవరికీ అంతుపట్టని సంగతి ఒకటుంది. ఆ తెల్లరాజు రూపాయికీ నిజాం రూపాయికీ, వీడు ఫొటోలు పెట్టిన వాటన్నిటికీ, పైభాగాన ఏదో అతికించి పీకేసినట్టు ఒక మచ్చ ఉంది. సరిగ్గా దానికి ఎదురుగా, కింది అంచున, కత్తితో పెట్టిన గాటు ఉంది. దొంగనాణెమేమోనని పరీక్షించిన గుర్తని ఒకరు, క్షుద్రపూజలని ఒకరు, పాడుచేసిన నాణేలకు ధర రాదు తమ్ముడూ అని ఇంకొకరు రాశారట.

నేను ఒక రూపాయి తీసుకుని అంచు మీద బొటనవేలు పోనిచ్చాను. గాటు తగిలింది. కళ్ళజోడు పెట్టుకోవలసిన పని కూడా లేకపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇవి ఎవరివో నాకు తెలుసురా, ఇవి మీ నాయనమ్మవి అన్నాను.

అప్పుడు నాకు ఇరవై దాటి ఉంటాయి. నర్సు ట్రైనింగు పూర్తయి ఆ ఊరి చిన్న దవాఖానాలో నన్ను వేస్తే, అదే ఊళ్ళో ఉన్న మా చిన్నాయన ఇంట్లో దిగాను. చిన్నాయన బస్సు డ్రైవరు. ఇంట్లో చిన్నమ్మ, అంటే వీడి నాయనమ్మ, చిన్నాయన తల్లి అయిన మా నాయనమ్మ, ఏడాది నిండని పిల్లాడు, అంటే ఈ మేనల్లుడి తండ్రి. మా నాయనమ్మ ప్రార్థన మొదలుపెడితే కంచాల్లో అన్నం చల్లారిపోయేది, ఆమె దేవుణ్ణి అడుగుతున్నట్టు ఉండేది కాదు, ఆయనకు పని పురమాయిస్తున్నట్టు ఉండేది. చిన్నమ్మది గోదావరి దిగువన ఒక పల్లె, వాళ్ళు రాములవారికి మొక్కుకునేవాళ్ళు. చిన్నాయన బస్సు ఎక్కి ఎక్కి చివరకు మా ఇంటికే వచ్చి దిగిందని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకుంది. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్నది ఒక్కటే, పాత వెండి రూపాయలకు కొక్కేలు అతికించి గుచ్చిన పొడుగాటి దండ. చర్చికి పోయేటప్పుడు అది బాగుండదని నాయనమ్మ అంటే, మారుమాట్లాడకుండా ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

చిన్నాయనకు ఆ ఏడు అడవి రూటు వేశారు. సాయంత్రం బయలుదేరి, దట్టమైన అడవిలో ఆఖరి ఊరి దాకా పోయి, రాత్రికి అక్కడే బస్సులో పడుకుని పొద్దున తిరిగి రావాలి. దారిలో చెట్లు అడ్డం పడి ఉండేవి, ఒకసారి వీళ్ళ ముందు పోయిన బస్సులో జనాన్ని దింపి నక్సలైట్లు దాన్ని తగలబెట్టారు. అన్నిటికన్నా భయం కల్వర్టులు. వాటి కింద ఏం పెట్టారో ఎవరికి తెలుసు? చిన్నాయన నవ్వించడానికి, కల్వర్టు వస్తే ఊపిరి బిగబట్టి నేనే తేలికైపోతా, బస్సుకు బరువు తెలియదు అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. చిన్నమ్మ మాత్రం నవ్వేది కాదు, అతని బూట్ల వైపు చూస్తుండేది.

పొద్దున ఊరి మలుపులో అతను పొడుగ్గా హారన్ కొట్టేవాడు. ఆ హారన్ వినేదాకా మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు, టీకి స్టవ్ కూడా ముట్టించేవాళ్ళం కాదు. హారన్ వినబడగానే చిన్నమ్మ బిందె, పుచ్చకాయల కత్తి తీసుకుని గోదావరి ఇసుకలో మేము వేసుకున్న పుచ్చతోటకు పోయేది. మొగుడు వస్తుంటే ఎదురుండక ఈ పిల్లకు అప్పుడే నీళ్ళు పోయాలా అని నాయనమ్మ సణిగేది. పాదులకు నీళ్ళు పోయడానికి కత్తి ఎందుకని నాకు ఒక్కరోజైనా తోచలేదు.

ఎండలు ముదిరి కాయలు ఊరుతున్న రోజుల్లో, ఎవరో పెద్ద అధికారి రేవు దాటుతున్నాడని పొద్దున్నే పోలీసులు వచ్చి దారంతా వెతకడం మొదలుపెట్టారు. దారి మా పుచ్చతోట పక్కనుంచే. నేను దవాఖానాలో సూదులు ఉడకబెడుతున్నాను. రేవు వైపు నుంచి ఆ కూత వినిపించింది, ఆగింది, మళ్ళీ అదేచోట కూసింది. కాసేపటికి మా అటెండరు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "నర్సమ్మా, దూది, కట్టుగుడ్డలు అన్నీ తీస్కొని జల్దీ రమ్మంటున్నరు" అన్నాడు. ఎవరికి ఏమైందంటే, ఇంకా ఏం కాలేదు అన్నాడు. 

పోయి చూస్తే మా తోట మధ్యలో ఒకచోట కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతారు. చుట్టూ దూరంగా తాడు. ఊళ్ళో మగవాళ్ళందరినీ ఇసుకలో ఎండలో కూర్చోబెట్టారు, వాళ్ళలో నేను నిన్ననే జ్వరానికి బిళ్ళలిచ్చిన ముసలాయన కూడా ఉన్నాడు. చిన్నాయన అధికారి ముందు నిలబడి ఉన్నాడు. రోజూ అడవికి పోయి వచ్చేది నువ్వే, తోటా నీదే, ఎవరి కోసం పెట్టావు అని ఆ అధికారి అడిగిందే అడుగుతున్నాడు. తప్పు పట్టడానికి లేదు, ఆయన గొంతులోనూ భయమే ఉంది, వాళ్ళవాళ్ళు ఇద్దరు అంతకు ముందే ఆ దారిలో మందుపాతర పేలి పోయారట. బాంబులు తీసేవాళ్ళు వచ్చేసరికి సాయంత్రం అవుతుందన్నారు. చిన్నాయన ఎండలో కూర్చున్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, "నా తోట సార్, నేనే తవ్వుతా. ఆళ్ళను పోనియ్యుండ్రి" అన్నాడు. ఎవరూ వద్దనలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నా పక్కనుంచి పోతూ, మీ చిన్నమ్మకు చెప్పకు అన్నాడు.

నా సంచిలో దూది, అయోడిన్, కత్తెర ఉన్నాయి. మందుపాతరకు అయోడిన్! ఆ సంచిని పొట్టకు గట్టిగా అదుముకుని నిలబడ్డాను, నవ్వొచ్చేటంత భయం వేసింది, మళ్ళీ ఏడుపొచ్చింది.

చెప్పకపోతే మాత్రం ఊళ్ళో ఏ కబురు ఆగుతుంది? చిన్నాయన ఎర్రగుడ్డ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడో లేదో చిన్నమ్మ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది, వెనక పిల్లాణ్ణి చంకనేసుకుని నాయనమ్మ. "ఆగుండ్రి సార్, ఆ డబ్బా నాది, నేనే పెట్టిన" అని అరిచింది. అందులో ఏముందని అధికారి అడిగాడు. చిన్నమ్మ నోరు తెరిచి, వెనక్కి తిరిగి నాయనమ్మ మొహం చూసి, నోరు మూసుకుంది. మొగుణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడుతోందని అక్కడ అందరం అనుకున్నాం. అయితే ఎక్కడ పెట్టావో ఇక్కడి నుంచే చూపించు అన్నాడాయన. ఆమె వేలు చూపించబోయి ఆగిపోయింది. ఆమె గుర్తు పెట్టుకున్నది తోటలోని కాపలా గుడిసె గుంజను, నదివైపు గుంజ మొదట్లో. ముందటి రోజే గాలికి గుడిసె పడిపోతే చిన్నాయన దాన్ని ఇంకోచోట వేశాడు. ఎర్రగుడ్డ ఉన్నచోటే తను పెట్టిందో కాదో ఆమెకే తెలియలేదు. ఆ అనుమానం ఆమె మొహంలో రావడం నేను చూశాను. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎన్నో చావులు చూశాను, అంత భయపడ్డ మొహం మళ్ళీ చూడలేదు.

అయినా ఆగలేదు. తాడు కింద నుంచి దూరి పరుగెత్తింది. చిన్నాయన్ను పక్కకు తోసి వట్టి చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. అతను భుజం పట్టి లాగుతున్నాడు, ఆమె మోచేత్తో కొడుతోంది. అందరూ పడుకోండని పోలీసులు అరిచారు. నేను ఇసుకలో బోర్లా పడుకుని కళ్ళు మూసుకున్నాను. ప్రభువా అన్న మాట దాటి ప్రార్థన ముందుకు పోలేదు. ఆమె గాజుల చప్పుడు వినిపిస్తోంది, అది వినిపిస్తున్నంతసేపూ బతికే ఉందని నాకు నేను చెప్పుకుంటున్నాను. గాజుల చప్పుడు ఆగింది. గోరు స్టీలుకు గీసుకున్న చప్పుడు. ఆ తర్వాత చిన్నాయన గొంతు, "ఇది నా టిఫిన్ గిన్నె గదనే!"

నవ్వకండి, అప్పుడు ఎవరం నవ్వలేదు. టిఫిన్ గిన్నెల్లోనే మందు కూరి పెట్టేవాళ్ళని అందరికీ తెలుసు. ముట్టుకోవద్దు, తెరవొద్దు అని అధికారి గొంతు చించుకుంటున్నాడు. చిన్నమ్మ మూత తీసింది. ఏమీ కాలేదు. తలెత్తి చూస్తే ఆమె ఒళ్ళో పసుపు గుడ్డ, దాని నిండా వెండి రూపాయలు ఉన్నాయి.

ఏడుస్తూ అప్పుడు చెప్పింది. అతను అడవి రూటుకు పోయిన ప్రతిసారీ దండలోంచి ఒక రూపాయి పీకి, రాములవారి పేరున ముడుపు కట్టి ఇందులో వేస్తుందట. పొద్దున హారన్ వినబడగానే వచ్చి, ఆ రూపాయి తీసి కత్తితో గాటు పెడుతుందట. గాటు పడితే మనిషి ఇంటికి చేరినట్టు. ఆ రూటు మారిన రోజున అన్నీ పట్టుకుపోయి భద్రాచలం హుండీలో వేయాలని మొక్కు. ఇంట్లో పెడితే అత్తమ్మ చూస్తుందని ఇసుకలో పెట్టింది. మందుపాతర మొగుణ్ణి మింగకూడదని కట్టిన ముడుపే మందుపాతరై కూర్చుంది. అధికారి టోపీ తీసి, ఎండలో కూర్చోబెట్టినవాళ్ళను పంపేయమన్నాడు.

యంత్రం పట్టుకున్న పోలీసు ఇసుకలో కూలబడ్డాడు. అప్పటిదాకా అతని మొహం నేను చూడనేలేదు, అందరం పళ్ళేన్నే చూశాం. మా ఈడువాడే, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోడ్డు మీద అందరికన్నా ముందు నడిచేది అతనే గదా, చిన్నాయన బస్సు కన్నా ముందు, అధికారి జీపు కన్నా ముందు. తొణికిపోయిన రూపాయలు ఇసుకలో కలిసిపోతే అతనే లేచి యంత్రం తిప్పి, కూసినచోటల్లా వేళ్ళతో వెతికి తీసిచ్చాడు. ఆఖరి రూపాయి చిన్నమ్మ చేతిలో పెడుతూ, "అక్కా, నా పేరున గూడ ఒకటి ఎయ్యవా" అన్నాడు. పేరేందని ఆమె అడిగేలోపే వాళ్ళను జీపెక్కమన్నారు, జీపు అడవి దారి పట్టింది.

ఇంటికి వచ్చాక నాయనమ్మ మంచం మీద కూర్చుని, నా ప్రార్థన నీకు చాలలేదా అని అడిగింది. "మీ ప్రార్థన చాలు అత్తమ్మా. నా భయానికే ఒక్క దేవుడు చాలలే" అంది చిన్నమ్మ. ఆ ముసలామె ఏం అంటుందోనని నేను చూస్తున్నాను. ఆమె లేచింది. ట్రంకుపెట్టె తెరిచి దండ తీసి తనే ఒక రూపాయి పీకి, ఇంట్లో వద్దు, అక్కడే పెట్టు, ఇది ఆ మిషన్ పట్టుకున్న అతని పేరున అంది. ఆనాటి నుంచి నాయనమ్మ ప్రార్థనలో మిషన్ పట్టుకున్న అతను కూడా చేరాడు.

తర్వాత చిన్నాయన రూటు మారింది. అతని రూపాయలన్నిటికీ గాట్లు పడ్డాయి. మొక్కు తీర్చుకుందాం పదమంటే చిన్నమ్మ కదలలేదు, "ఒకరు ఇంకా తొవ్వలనే ఉండంగ ఎట్ల తీరుద్ది" అనేది. రేవులో ఏ పోలీసు కనిపించినా ఆ మిషన్ తమ్ముడు ఎట్లున్నడని అడిగేది. పేరు తెలియని మనిషి గురించి ఎవరేం చెబుతారు? అడవిలో ఏదైనా పేలిందని వార్త వచ్చిన రోజున ఆమె అన్నం ముట్టేది కాదు. ఏటా వానలకు ముందే గిన్నెను ఒడ్డు పైకి మార్చేది, ఒక ఏడు గోదావరి ముందే వచ్చేసింది. తోట, గుడిసె పోయినందుకు కాదు, ఆ ఒక్క రూపాయి కోసం గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆఖరి రోజుల్లో మంచంలో ఉండి కూడా నన్ను ఒకసారి అడిగింది, ఏమన్నా తెలిసిందా అని.

ఇదంతా విన్నాక మా వాడు యంత్రం మీట కట్టేసి, రూపాయలన్నీ ఒక్కొక్కటే తిప్పి అంచులు చూశాడు. ఒకటి పక్కకు తీసి నా ముందు పెట్టాడు. పైన మచ్చ ఉంది. అంచు చుట్టూ వేలు పోనిచ్చాను, మళ్ళీ పోనిచ్చాను. ఎక్కడా తగల్లేదు.

అన్నీ తీసుకుపోయి హుండీలో వేసి రానా అత్తా అన్నాడు వాడు. వద్దన్నాను. ఇప్పుడు ఆ దారి నున్నటి తారురోడ్డు, కల్వర్టుల మీద పిల్లలు కూర్చుని ఫొటోలు దిగుతున్నారు, రాత్రి బస్సులో జనం గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. మలుపులో హారన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే ఆడవాళ్ళు లేరు, వీడు మిల్లుకు చేరగానే ఫోన్‌లో ఓ బొటనవేలు బొమ్మ పంపుతాడు, నేను స్టవ్ ముట్టిస్తాను. భయం పోయినందుకు నాకు సంతోషమే. కానీ ఆ భయంలో ముందు నడిచినవాళ్ళు ఏమయ్యారో అడిగేవాళ్ళు కూడా దానితోపాటే పోయారు.

అయ్యా, ఆ రేవులో, ఆ పుచ్చతోటలో యంత్రం పట్టుకుని నిలబడ్డది మీరైతే, మీకూ ఇప్పుడు నాలాగే తల నెరిసి ఉంటుంది, మనవలతో ఏ ఊళ్ళోనో ఉండి ఉంటారు. మీరు ఇంటికి చేరారా? ఆ ఒక్క మాట చెప్పండి చాలు. మీ రూపాయి నా బల్ల మీదే ఉంది, పక్కనే కత్తి కూడా పెట్టుకుని కూర్చున్నాను.